ఊరి కోసం ప్రార్థన: ఒంగోలు కొండ నుంచి దుమ్ముగూడెం ఒడ్డు దాకా

విత్తనం చల్లకముందు మన ఊళ్ళలో భూమి పండుగ చేస్తాం. కోయలు దాన్నే విజ్జా పండుం అంటారు. పూజారి విత్తనాలు ముందు పెట్టుకుని వేల్పులను తలుచుకుంటాడు. ఆయన అడిగేది తన చేను కోసం మాత్రమే కాదు. వాన సమయానికి పడాలని, పైరుకు పురుగు పట్టకూడదని, పిల్లలకు జ్వరాలు రాకూడదని, అడవికి పోయినవాళ్ళు క్షేమంగా ఇల్లు చేరాలని అడుగుతాడు. ఊళ్ళో కమ్మరి ఉంటే అతనికీ, పశువులు కాసేవాడు వేరే కులం వాడైతే అతనికీ ఆ మొక్కు వర్తిస్తుంది. పొలిమేర ఎంతదాకా ఉంటే మొక్కు అంతదాకా.

ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, చుట్టూ ఉన్నవాళ్ళ కోసం దేవుణ్ణి అడగడం అనే అలవాటు చర్చితోనే మన దగ్గరికి వచ్చిందని కొందరు పాస్టర్లు అనుకుంటారు. అది సరికాదు. చర్చితో వచ్చింది ఇంకొకటి. ఊరిలో చిన్న గుంపుగా ఉండి, ఊరి పండుగలో కలవకుండా, ఊరి కోసం వేరుగా ప్రార్థించే పద్ధతి. అది తెలుగు నేల మీద ఎలా మొదలైంది, ఎవరు నడిపారు, మన ఊళ్ళకు వచ్చేసరికి ఎలా మారింది అన్నది మన యువకులకు, ముఖ్యంగా బళ్ళో పనిచేసే మనకు తెలియాలి. ఈ రోజు ఆదివాసీ ఊళ్ళలో సంఘం వాళ్ళూ వేల్పుల వాళ్ళూ ఒకరి ముఖం ఒకరు చూసుకోని పరిస్థితి కొన్నిచోట్ల వస్తోంది. దాని వెనక ఈ చరిత్ర ఉంది.

తెలుగు క్రైస్తవులలో అందరికీ తెలిసిన ప్రార్థన ఒంగోలు కొండ మీద జరిగింది. తేదీ 1854 జనవరి 1. అమెరికన్ బాప్టిస్టులు 1836లో తెలుగువాళ్ళ మధ్య పని మొదలుపెట్టి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. ఏళ్ళు గడిచినా సంఘం పెరగలేదు. 1853లో అమెరికాలో ఆల్బనీలో జరిగిన సభలో ఈ మిషన్ మూసేద్దామనే మాట గట్టిగా వచ్చింది. మ్యాపులో ఒక్క చుక్కగా మిగిలిన ఆ మిషన్‌కు 'లోన్ స్టార్', అంటే ఒంటరి నక్షత్రం అన్న పేరు అప్పుడే పడింది. ఆ ఏడాది చివర లైమన్ జూయెట్ అనే మిషనరీ నెల్లూరు నుంచి ఒంగోలు వచ్చాడు. కొత్త సంవత్సరం తెల్లవారకముందే ఐదుగురు కొండ ఎక్కారు. జూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగువాళ్ళు. ఆ ముగ్గురి పేర్లు నరసు, జూలియా, రూత్. ఇంగ్లీషు పుస్తకాల్లో నరసు పేరు 'నర్సు' అని ఉంటుంది. అది చూసి ఆస్పత్రిలో పనిచేసే నర్సమ్మ అనుకున్నవాళ్ళను నేను చూశాను. ఆయన మగమనిషి, సువార్త పనివాడు.

కొండ మీద నుంచి చూస్తే ఒంగోలు, చుట్టూ పల్లెలు కనిపిస్తాయి. సూర్యోదయం వేళ ఐదుగురూ ఒకరి తర్వాత ఒకరు ప్రార్థించారు. అడిగింది రెండు సంగతులు. ఈ ప్రాంతానికి దేవుడు కరుణ చూపాలని, ఇక్కడ పనిచేసే మనిషిని పంపాలని.

మనం గమనించాల్సింది ఈ ప్రార్థన జరిగిన తీరు. నాయకుడు ఒక్కడే మాట్లాడి, మిగిలినవాళ్ళు ఆమేన్ అన్న ప్రార్థన కాదది. ఐదు నోళ్ళూ విచ్చుకున్నాయి. అందులో ముగ్గురు స్త్రీలు. ఊరికి ఎదురుగా, ఊరిని కళ్ళతో చూస్తూ చేసిన ప్రార్థన. తర్వాత వచ్చిన చరిత్రలన్నీ జూయెట్ పేరు చుట్టూ తిరుగుతాయి. జూలియా, రూత్ ఎవరి కూతుళ్ళో, ఆ తర్వాత ఎలా బతికారో ఆ కథ చెప్పేవాళ్ళు పట్టించుకోరు. తమ ఊళ్ళ కోసం తమ భాషలో అడిగినవాళ్ళు వాళ్ళే అయినా, వాళ్ళకు దక్కింది ఒక వాక్యం. మన చరిత్రలు రాసేటప్పుడు మనం ఈ పని చేయకూడదు.

ఆ ప్రార్థనకు ఫలితం పన్నెండేళ్ళకు కనిపించింది. జాన్ ఎవరెట్ క్లౌ అనే అతను 1866లో ఒంగోలు వచ్చి ఉన్నాడు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం ఏర్పడింది. అయితే వచ్చినవాళ్ళు ఎవరు? క్లౌ పట్టణంలో బడి పెట్టినప్పుడు బ్రాహ్మణుల పిల్లలు వచ్చారు. పెద్ద కులాలవాళ్ళు మాట వింటున్నారని ఆయన సంతోషించాడు. అదే సమయంలో పడమటి పల్లెల నుంచి యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ వచ్చాడు. అంతకుముందు యోగ గురువుల దగ్గర తిరిగి, దేవుడి కోసం వెతుక్కున్న మనిషి. ఆయన వెంట ఆయన బంధువులు, వాళ్ళ వెంట పల్లెలు కదిలాయి. మాదిగలను చేర్చుకుంటే మేము రామని బ్రాహ్మణులు కచ్చితంగా చెప్పారు. ఆ రోజు క్లౌ, ఆయన భార్య వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోని ఒకే భాగం తగిలిందట. లోకం చులకన చేసినవాళ్ళనే దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే భాగమది. క్లౌ మాదిగల వైపు నిలబడ్డాడు. పట్టణం వైపు చూసి ఎదురుచూస్తే, జవాబు మాదిగవాడల నుంచి వచ్చింది.

ఇంకో పదేళ్ళకు ధాత కరువు వచ్చింది. 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజ్యంలో లక్షల మంది చనిపోయారు. అప్పుడు కరువు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్వకం జరుగుతోంది. క్లౌ అంతకుముందు సర్వే పని చేసినవాడు. మూడున్నర మైళ్ళ కాలువ కాంట్రాక్టు తీసుకుని, తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. ఆకలితో వచ్చినవాళ్ళు మన్ను తవ్వారు, కూలి తీసుకున్నారు, పని ఆగినప్పుడు బోధకుల మాటలు విన్నారు. బాప్తిస్మం ఇవ్వమని వందలమంది అడిగారు. క్లౌ ఇవ్వలేదు. పదిహేను నెలల పాటు ఒక్కరికీ ఇవ్వలేదు. కూడు కోసం వచ్చారనే మాట పడకూడదని, వచ్చినవాడికి కూడా తన మనసు తనకు తెలియాలని. కరువు సాయం ముగిశాక 1878 జూన్‌లో తలుపు తీశాడు. జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

సభల్లో ఆ 2,222 అంకెనే చెబుతారు. నాకైతే ఆ పదిహేను నెలలే పెద్ద సంగతి. చుట్టుపక్కల వాళ్ళ కోసం ప్రార్థించే సంఘం వాళ్ళ ఆకలిని తన లాభానికి వాడుకోకుండా చేయి వెనక్కి తీసుకుంది. బియ్యం ఒక చేత్తో, పేర్ల రిజిస్టరు ఇంకో చేత్తో పట్టుకుని రాలేదు. తర్వాతి కాలంలో ఎన్నోచోట్ల ఈ నిగ్రహం కనబడలేదు. గాంధీజీకీ దోర్నకల్ బిషప్ అజరయ్యకూ 1930లలో జరిగిన వాదం కూడా దీని చుట్టూ తిరిగిందే. పేదవాడు నిజంగా నమ్మి వస్తున్నాడా, లాభం చూసి వస్తున్నాడా అని గాంధీజీ అడిగారు. పేదవాడికి మాత్రం ఆత్మ లేదా, వాడికి వాడు నిర్ణయించుకునే హక్కు లేదా అన్నది అజరయ్య వైపు నుంచి వచ్చిన జవాబు. ఇద్దరి మాటలోనూ నిజముంది. నా మొగ్గు మాత్రం అజరయ్య వైపే. ఎందుకంటే మన తరఫున మాట్లాడేవాళ్ళు మనకు బుద్ధి లేదనుకోవడం మనకు కొత్త కాదు.

ఒంగోలు సంఘం చేరినవాళ్ళకు మూడు నియమాలు పెట్టింది. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన పశువు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. ఈ మూడో నియమంతో మాదిగలు జాతరలో డప్పు కొట్టడం మానేశారు. దానితో ఊరి పెద్దలకు కోపం వచ్చింది. బావులు కట్టేశారు, కూలి ఆపారు, కొట్టారు. కానీ ఆలోచించండి. ఆ జాతర మాదిగలది కాదు. అక్కడ వాళ్ళు చేసేది వెట్టి. డప్పు దించడం అంటే వాళ్ళకు మెడ మీద కాడి దించడం. ఊరి పండుగ నుంచి బయటికి రావడం వాళ్ళకు విడుదల.

అదే నియమం కోయ ఊరికి వస్తే ఏమవుతుంది? భూమి పండుగలో మనం ఎవరికీ వెట్టి చేయం. పండుగ మనది. పూజారి మన మేనమామ, వేల్పు మన గట్టుది, వండుకుని తినేది మనమే. ఇక్కడ బయటికి రావడం అంటే సొంత ఇంటి పంక్తి నుంచి లేచి రావడం. మైదానంలో విడుదల ఇచ్చిన నియమం కొండ దగ్గర చీలిక తెచ్చింది. పాస్టర్లు మైదాన ప్రాంతపు బైబిలు స్కూళ్ళలో చదువుకుని, ఆ నియమాన్ని అలాగే మోసుకొచ్చారు. వాళ్ళ తప్పని అనను. తేడా చెప్పగలిగినవాళ్ళు అప్పట్లో మనలో లేరు.

కోయల మధ్య క్రైస్తవ పని గోదావరి ఒడ్డున దుమ్ముగూడెంలో మొదలైంది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక, గోదావరి మీద పడవలు ఎగువకు పోయేలా చేయాలని ఇంగ్లీషు వాళ్ళు పెద్ద ప్రయత్నం చేశారు. రాతి గుట్టలు అడ్డం వచ్చే మొదటి చోటు దుమ్ముగూడెం. అక్కడ ఆనకట్ట, కాలువ, లాకుల పని చూసిన ఇంజినీరు కెప్టెన్ హేగ్. భద్రాచలం, రేకపల్లి తాలూకాలు 1860లో నిజాం నుంచి ఇంగ్లీషు వాళ్ళ చేతికి వచ్చాయి. దాదాపు అదే సమయంలో హేగ్ పూనికతో చర్చి మిషనరీ సొసైటీ వాళ్ళ కోయ మిషన్ మొదలైంది. హేగ్ కింద సరఫరాలు చూసే ఉద్యోగి వెంకటరామ రాజు బైబిలు చదివి క్రైస్తవుడై, ఉద్యోగం వదిలి కోయల మధ్య పనికి దిగాడు. ఆయన తెలుగువాడు, క్షత్రియుడు. తర్వాత జాన్ కెయిన్ అనే పాదిరి వచ్చి చాలా ఏళ్ళు ఉన్నాడు. కోయ భాష నేర్చుకున్నాడు. 1870లలో ఆయన 'ఇండియన్ ఆంటిక్వెరీ' పత్రికలో మన పండుగలు, పెళ్ళిళ్ళు, చావు ఆచారాల గురించి రాశాడు. థర్‌స్టన్ తన కులాలు తెగల గ్రంథంలో కోయల గురించి చెప్పినదాంట్లో చాలా భాగం కెయిన్ దగ్గర తీసుకున్నదే. 1880లలో సువార్త భాగాలు కోయ భాషలోకి వచ్చాయి.

నదిలో పడవల పథకం 1871లో మూలపడింది. మిషన్ నిలబడింది. కానీ ఒంగోలులో లాగా ఇక్కడ వేలమంది రాలేదు. కారణాలు చాలా ఉన్నాయి. అడవిలో ఊరికీ ఊరికీ దూరం. మలేరియా ఒకటి. దొర అంటే పన్ను, వెట్టి, అడవి మీద ఆంక్ష అనే అనుభవం ఇంకొకటి. అయితే నాకు అన్నిటికంటే పెద్దగా కనిపించేది భాష. కెయిన్ కోయ నేర్చుకున్నా, చర్చిలో పాట, ప్రార్థన తెలుగులోనే స్థిరపడ్డాయి. ఇప్పటికీ అంతే. మా ఇళ్ళలో ముసలమ్మలు చేలో కోయ మాట్లాడతారు, కోడిని కోయలో అదిలిస్తారు, ప్రార్థనకు కళ్ళు మూసుకోగానే తెలుగులోకి, అదీ బైబిలు తెలుగులోకి మారిపోతారు. 'పరలోకమందున్న' అన్న మాటతో మొదలుపెడితే పక్కింటి మేకపిల్ల గురించి ఎలా అడుగుతాం? పెద్ద భాషలో పెద్ద సంగతులే వస్తాయి. ఊరి సంగతులు నోటికి రావాలంటే ఊరి భాష కావాలి.

దుమ్ముగూడెం తర్వాత దోర్నకల్ అధ్యక్ష మండలంలోకి వచ్చింది. తిరునెల్వేలిలో పుట్టిన అజరయ్య 1909లో దోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకుని, 1912 చివర ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. 1945 జనవరి 1న చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. ఆయన పద్ధతిలో పల్లె సంఘాన్ని నడిపింది పాదిరి కాదు. పంతులు. పాదిరి నెలకోసారో రెండు నెలలకోసారో వచ్చేవాడు. రోజూ పగలు పిల్లలకు అక్షరాలు చెప్పి, కూలినుంచి వచ్చినవాళ్ళకు రాత్రి బడి నడిపి, దీపం పెట్టాక అందర్నీ కూర్చోబెట్టి ప్రార్థన చేయించింది బడి పంతులే. పంతులు భార్య కూడా చదువుకుని ఆడవాళ్ళకు నేర్పాలని అజరయ్య పట్టుబట్టాడు. ఏడాదికోసారి సంఘస్థులే గుంపులుగా పక్క ఊళ్ళకు పాటలతో వెళ్ళే సాక్ష్య వారం పెట్టాడు.

ఉపాధ్యాయులుగా మనకు ఇది దగ్గరి సంగతి. ఆ పంతులుకు ఎవరి ఇంట్లో జబ్బుందో తెలుసు. బడికి రాని పిల్లాడు ఎవరి దగ్గర పాలేరుగా కుదిరాడో తెలుసు. షావుకారు ఎవరి పొలం రాయించుకున్నాడో తెలుసు, ఎందుకంటే ఆ కాగితం చదివి చెప్పింది ఆయనే. పగలు తెలిసింది రాత్రి ప్రార్థనలోకి వచ్చేది. ప్రార్థన నడిపేవాడికి ఊరు తెలియడం అంటే ఇదే. ఇప్పుడు బడి ప్రభుత్వానిది, చర్చి చర్చిదే. అలాగే ఉండాలి. బళ్ళో పిల్లలందరూ సమానం, అక్కడ ఏ మతం ప్రార్థనా మన పని కాదు. కానీ బడి వేరయ్యాక పాస్టర్‌కు ఊరి సంగతులు తెలిసే దారి ఒకటి మూసుకుపోయింది. ఆ దారి ఆయన వేరుగా వేసుకోవాలి.

ఈ రోజు మన ఊళ్ళలో వినబడే ప్రార్థన చూద్దాం. ఉపవాస కూడికలు, రాత్రి జాగరణలు, ఇంటింటి ప్రార్థనలు బాగానే జరుగుతున్నాయి. మైకు ఉంటుంది. మైకులో ఊరి కోసం ప్రార్థన అంటే ఎక్కువగా వినబడేది, ఈ ఊరు చీకట్లో ఉంది, దీని కట్లు తెంచు అని. వినేది దేవుడొక్కడే కాదు. పక్క వాకిట్లో మంచం మీద పడుకున్న పూజారి కూడా వింటాడు. తన మేనల్లుడి గొంతులో, తన ఊరు చీకటి అని. పొద్దున్న పండుగ చందా అడగడానికి వచ్చినప్పుడు, మేము ఇవ్వం అని ఆ మేనల్లుడే అంటాడు. ఏడాది తిరక్కముందే ఎవరో ఒకరు చనిపోతారు, ఎక్కడ పాతాలి అని పేచీ వస్తుంది. నేను పనిచేసిన ఒక ఊళ్ళో శవం పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాకిట్లోనే ఉండిపోయింది.

దీనికి ఇప్పుడు బయటి గొంతులు కూడా తోడయ్యాయి. మతం మారినవాళ్ళను ఎస్టీ జాబితా నుంచి తీసేయాలనే డిమాండు కొన్ని రాష్ట్రాలలో ఊరేగింపుల దాకా వచ్చింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల్లో ఎస్సీలకు మతం షరతు ఉంది, ఎస్టీలకు లేదు. తెగ మతం మీద నిలబడదు, పుట్టుక మీద, గట్టు మీద, నేల మీద నిలబడుతుంది. ఆ సంగతి కోర్టులో లాయరు చెప్పడం వేరు, ఊళ్ళో మనం రుజువు చేయడం వేరు. పోడు పట్టా కోసం గ్రామసభలో తీర్మానం చేయాలంటే సంఘం వాళ్ళూ వేల్పుల వాళ్ళూ ఒకే చాప మీద కూర్చోవాలి. 2006 అటవీ హక్కుల చట్టం ఏ ఇంట్లో ఏ దేవుడని అడగదు. ఊరు అడుగుతుంది, ఊరి సరిహద్దు ఎవరికి తెలుసని అడుగుతుంది.

బైబిల్లోనే దీనికి ఆధారం ఉంది. చెరపట్టబడి బబులోనుకు పోయిన యూదులకు యిర్మీయా ఒక ఉత్తరం రాశాడు, 29వ అధ్యాయంలో ఉంది. మీరున్న పట్టణం క్షేమాన్ని కోరండి, దాని కోసం ప్రార్థించండి, దాని క్షేమంలోనే మీ క్షేమం ఉందన్నది దాని సారం. ఆ పట్టణం వాళ్ళ దేవుణ్ణి నమ్మే పట్టణం కాదు, వాళ్ళను బానిసలుగా తెచ్చిన పట్టణం. దాని కోసమే అలా అడగమంటే, సొంత గట్టు వాళ్ళున్న ఊరి కోసం ఎలా అడగాలి? ఆదికాండం 18లో అబ్రాహాము సొదొమ కోసం బేరమాడిన తీరు చూడండి. యాభై మంది ఉంటే, నలభై ఐదుగురు ఉంటే, అని పది దాకా దించాడు. ఊరు చెడ్డదని చెప్పడానికి అబ్రాహాము నోరు తెరవలేదు. ఎలాగైనా మిగలాలని బతిమాలాడు. తరచూ పాస్టర్లు సొదొమ మీద నిప్పు గురించి చెబుతారు, ఈ బేరం గురించి తక్కువ చెబుతారు.

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. 1986 ఆగస్టు నాటి 75.6 అడుగుల తర్వాత అంత నీరు రాలేదు. ఒడ్డు ఊళ్ళన్నీ మునిగాయి. మిట్ట మీదున్న ఒక చర్చిలో రెండు వర్గాల వాళ్ళూ రోజుల తరబడి కలిసి పడుకున్నారు. ఒకే గుండిగలో అన్నం వండుకున్నారు. అక్కడి పాస్టర్ మన కోయవాడే, చిన్న వయసు. వరద తీసిపోయాక ఆయన ఒక నోటు పుస్తకం పెట్టాడు. శనివారం సాయంత్రం ఇంటింటికీ వెళ్ళి, రేపు మీ గురించి ఏమి అడగమంటారని అడుగుతాడు. సంఘం ఇళ్ళకు మాత్రమే కాదు, అన్ని ఇళ్ళకూ. వద్దన్న ఇంటి పేరు రాయడు. ఆదివారం ఒక్కో ఇంటి సంగతీ సంఘంలో ఒక్కొక్కరికి పంచుతాడు, వాళ్ళు కోయలోనే అడుగుతారు. మైకు ఆపేస్తారు. సికిల్ సెల్ ఉన్న పిల్లకు రక్తం దొరకాలి. మునిగిన పొలానికి పరిహారం జాబితాలో పేరు పడాలి. తాగి కొట్టే కొడుకు మారాలి. విన్నవాళ్ళలో ఒకరు సోమవారం ఆ పిల్లను భద్రాచలం ఆస్పత్రికి తీసుకెళ్ళారు కూడా.

మొదటి శనివారం పాస్టర్ పూజారి ఇంటికి వెళ్ళినప్పుడు, ఆ పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదట. తర్వాత తన మోకాళ్ళ నొప్పి గురించి అడగమన్నాడు, తన వేల్పు గురించి మాత్రం మంచీ చెడూ ఏమీ అనకూడదని షరతు పెట్టాడు. పాస్టర్ సరేనన్నాడు. పుస్తకంలో ఆ ఇంటి పేరు పక్కన ఆ షరతు కూడా రాసి ఉంది. ఆ ఏడాది కొత్తల పండుగకు సంఘం వాళ్ళు మొక్కు దగ్గరికి రాలేదు కానీ, వంటకు కట్టెలు మోసుకొచ్చి ఇచ్చారు.